వెర్లిన్ స్టుకీ కమారో ఒళ్ళు మార్చుకున్న వైనం

మా హార్కిన్స్‌బర్గ్‌లో కార్ల పోటీకొచ్చి వెర్లిన్ స్టుకీ చేత మార్కులు కోయించుకోని పాత కారు లేదు. చక్రాల మూతలు తర్వాతి ఏడాదివని నా నోవా కారుకి నాలుగు కోశాడు. రేడియేటర్ గొట్టానికి బిగించిన పట్టీ మీద స్క్రూ తల కిందికి తిరిగి ఉండాల్సింది పైకి తిరిగి ఉందని డ్వెయిన్ కోబెల్ కారుకి రెండు కోశాడు. చర్చి పాస్టరు ఒక ఏడాది, చనిపోయిన తండ్రి కారు తోలుకొచ్చి, స్టీరింగు మీద చెయ్యి వేసి కళ్ళు తుడుచుకుంటుంటే, వెర్లిన్ పక్కన నిలబడి ఓదార్పుగా తల ఊపుతూనే "వైపర్ బ్లేళ్ళు కొత్తవి" అని కాగితం మీద రాసుకున్నాడు.

ఆయన ముప్ఫై నాలుగేళ్ళు వాషింగ్ మెషీన్ల ఫ్యాక్టరీలో తనిఖీ ఇన్‌స్పెక్టరు. సొంత చేతులతో ఒక్క మెషీనూ చేసిన పాపాన పోలేదు. ఇతరులు చేసినవాటిలో తప్పులు వెతకడమే ఉద్యోగం. రిటైరైన రోజున ఫ్యాక్టరీవాళ్ళు గోడగడియారం ఇచ్చారు. సందులు కొలిచే పల్చటి ఉక్కు రేకుల కట్టని మాత్రం వాళ్ళు ఇవ్వకుండానే జేబులో వేసుకొచ్చాడు. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచే, ఆ కట్టతోనే మా కార్ల క్లబ్బుకి ఇరవయ్యొక్కేళ్ళు ముఖ్య న్యాయనిర్ణేతగా ఉన్నాడు. ఎన్నుకున్నాం అని చెప్పుకుంటాం గానీ, నిజానికి ఆ పని ఇంకెవడూ అడగలేదు. నేను కార్యదర్శిని. అంటే మీటింగుల్లో జరిగింది రాయాలి, అందరూ పోయాక కుర్చీలు మడవాలి.

"ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలా ఉండాలి. అంతే. దానికన్నా బాగుండకూడదు, బాగోకుండానూ ఉండకూడదు." ఇదీ ఆయన మతం.

మరి ఆయన కారు? అరవై తొమ్మిదో ఏటి కమారో, ముదురాకుపచ్చ రంగుది. పెళ్ళయిన ఏడాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. పాతికేళ్ళుగా షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. ఎవరైనా ఇంటికొస్తే తీసుకెళ్ళి, గుళ్ళో తెర తొలగించి హారతి చూపించినట్టు ఒక మూల ఎత్తి వెనక లైటు చూపించి మళ్ళీ కప్పేసేవాడు. మేమూ దణ్ణం ఒక్కటే తక్కువగా చూసి వచ్చేవాళ్ళం. మొత్తం కారు చూసినవాడు క్లబ్బులో ఒక్కడూ లేడు.

డెబ్బయ్యో ఏడు వచ్చాక, పోయేలోగా ఆ కారుని జూన్ పోటీకి తేవాలన్న కోరిక పుట్టింది వెర్లిన్‌కి. పెయింటు వేయించాలంటే మా చుట్టుపక్కల మూడు కౌంటీల్లో చెయ్యెత్తి దణ్ణం పెట్టదగ్గ మనిషి ఒక్కర్తే, ట్వైలా గ్రైమ్స్. ఆవిడతో చిక్కేమిటంటే, ఆరేళ్ళ కిందట ఆవిడ తన సొంత కారు షెవెల్‌కి ఎర్రరంగు కొట్టి తెచ్చింది. దానిలో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. వెర్లిన్ దానికి అయిదు మార్కులు కోసి, కారణం అన్నచోట "ఫ్యాక్టరీ కన్నా బాగుంది" అని రాశాడు. ట్వైలా ఆ కాగితానికి ఫ్రేము కట్టించి తన షెడ్డులో టాయిలెట్ గోడకి తగిలించింది. కమారో పని మొదలయ్యాక చలికాలమంతా వెర్లిన్ ఆ షెడ్డులోనే గడపాల్సి వచ్చింది. ఆ వయసులో టాయిలెట్‌కి ఎన్నిసార్లు వెళ్తాడో లెక్కేసుకోండి.

ముందు పాత రంగు ఊడగొట్టడానికి బాడీని ఇసుక ఊదే చోటికి పంపింది ట్వైలా. వారం తర్వాత ఫోన్ చేసింది.

"వెర్లిన్ గారూ, ఓసారి రండి. వచ్చేటప్పుడు ఓ బకెట్టు తెచ్చుకోండి."

"బకెట్టెందుకు?"

"మీ కారు తీసుకెళ్ళడానికి."

నన్ను తోడు రమ్మన్నాడు. ఆయన భార్య లవాన్ కూడా బజారు పనుందని బండెక్కింది. షెడ్డులోకి వెళ్ళి చూద్దుం కదా, పైకప్పు బాగానే ఉంది. కప్పు తప్ప ఇంకేమీ లేదు. అడుగు రేకు జల్లెడ. తలుపుల కింది అంచులు ఎలకలు కొరికిన రొట్టెముక్కల్లా ఉన్నాయి. మా దగ్గర మనుషుల్ని బీపీ తింటుంది, బండ్లని చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు తింటుంది. వెనక చక్రం మీది భాగంలో అంగుళం మందాన పుట్టీ ఉండేదట. అది రాలిపోయాక కింద ఒక కిటికీ దోమతెర, ఒక సిమెంటు ముద్ద, దాని పక్కన రివెట్లు కొట్టిన ఓ పెద్ద రేకూ బయటపడ్డాయి.

"ఇది ఫ్యాక్టరీ నుంచి ఇలాగే వచ్చిందా?" అని అడిగింది ట్వైలా అమాయకంగా.

"నా ముందు వాడుకున్నవాడు చేసుంటాడు," అన్నాడు వెర్లిన్. "వెధవ. ఏం పనిరా ఇది!"

లవాన్ కళ్ళద్దాలు పెట్టుకుని వంగి ఆ రేకుని చూసింది. వేలితో అంచు తడిమింది.

"వెర్లిన్! ఇది నేను బిస్కెట్లు కాల్చే రేకు."

వెర్లిన్ పైకప్పుని పరీక్షగా చూడటం మొదలుపెట్టాడు.

"ఎనభయ్యొకటిలో మా చెల్లెలి పెళ్ళి ముందు పోయింది. ఇల్లంతా వెతికాను. మీ అమ్మే పట్టుకుపోయిందనుకుని ఆవిడ పోయేదాకా ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు నేను!"

"ఇలాంటి రేకులు ఊళ్ళో చాలా ఉంటాయి..."

"మూల సొట్ట చూడు. ఆ సొట్ట పడింది నీ నెత్తి మీదే."

ట్వైలా నీళ్ళు తాగే నెపంతో బయటికి పోయింది. గోడ అవతల నుంచి చాలాసేపు దగ్గు వినిపించింది.

ఆ బాడీకి అతుకులు వెయ్యడానికి అతుక్కునే చోటు లేదు. ట్వైలా తిరిగొచ్చి ఉన్నమాట చెప్పింది. అచ్చు పాతదానిలాగే కొత్త ఉక్కుతో ఒత్తి తయారుచేసిన బాడీలు ఇప్పుడు దొరుకుతున్నాయి. కప్పు, అడుగు, తలుపులు, డిక్కీ మూత, అన్నీ. అది తెప్పించి, పాత ఇంజను, గేర్‌బాక్సు, సీట్లు అందులోకి మారిస్తే సరి. వెర్లిన్ మొహం ఎలా అయిందంటే, నిష్ఠగల శాకాహారికి ఎముకల పులుసు వడ్డించినట్టు. నకలు బాడీ! ఇరవయ్యొక్కేళ్ళు నకలు నట్టు కనిపిస్తే కోసినవాడు! రెండువారాలు అన్నం సయించలేదని లవాన్ చెప్పింది. మూడోవారం ఫోన్ చేసి ఆర్డరిచ్చాడు. నా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు.

"ఒరేయ్ ఆర్లో, ఇది క్లబ్బు పుస్తకంలో రాయకు."

"రాయను."

"మీ ఆవిడకి చెప్పకు."

"అది నువ్వు అడగాల్సింది పోయినవారం."

ఇంకో చిక్కుంది. ప్రతి కారుకీ ముందు అద్దం దగ్గర, ఫ్యాక్టరీలో కొట్టిన ఒక నంబరు పలక ఉంటుంది. అదే దాని జాతకం. పాత పలక ఊడదీసి కొత్త బాడీకి కొట్టేస్తే అయిపోయిందనుకున్నాడు వెర్లిన్. అప్పటికే పాతకాలం తరహా రివెట్లు కూడా సంపాదించాడు. అయితే లవాన్ ముప్ఫయ్యొక్కేళ్ళు కౌంటీలో బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో కిటికీ వెనక కూర్చున్న మనిషి. వంటింట్లో బల్ల మీద ఆ రివెట్ల పొట్లం చూసి స్టవ్ కట్టేసింది.

"ఆ పలక పీకావంటే పోలీసులకి నేనే ఫోన్ చేస్తాను."

"మన కారు పలకే కదే!"

"ఇలా అన్నవాళ్ళని నేను వందమందిని చూశాను. ఆ కిటికీ అవతల నిలబడి అందరూ నీలాగే చూసేవాళ్ళు. కొత్త బండికి కొత్త కాగితాలు. రాష్ట్రంవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి చూపించు. లేకపోతే కారు నా వాకిట్లోంచి కదలదు."

అలా ఖాయమైంది. పాత బాడీ, పలకతో సహా, పెరట్లో టార్పాలిన్ కిందికి చేరింది. కొత్తది లారీలో వచ్చి ట్వైలా షెడ్డులో దిగింది, నల్ల ప్రైమరు పూసుకుని నిగనిగలాడుతూ. వెర్లిన్ తన ఉక్కురేకుల కట్ట తీసి తలుపు సందులు కొలిచాడు. చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మొహం వేలాడేశాడు.

"ఏమైంది?" అంది ట్వైలా.

"సందులన్నీ సమానంగా ఉన్నాయి."

"అయితే?"

"ఆ రోజుల్లో కుడితలుపు వెనక సందు కాస్త వెడల్పు ఉండేది."

"బాగున్నదాన్ని పాడుచెయ్యమంటారా?"

"పాడు కాదు అమ్మాయ్. సరి చెయ్యమంటున్నా."

"అమ్మాయ్ అనకండి, నాకు మనవలున్నారు," అని ఆవిడ కీళ్ళు వదులుచేసి, తిట్టుకుంటూ, ఆ తలుపుని ఆయన అడిగినంత వంకరగా బిగించింది.

నవంబరు నుంచి మార్చి దాకా సాగింది పని. ట్వైలా ఒక షరతు పెట్టింది: గరుకు కాగితంతో రుద్దడం వెర్లినే చెయ్యాలి. మందంగా ప్రైమరు కొట్టి, దాని మీద నల్లపొడి పూసి, చెక్కముక్కకి చుట్టిన కాగితంతో రుద్దుకుంటూ పోవాలి. నలుపు మిగిలినచోట పల్లం ఉన్నట్టు. మళ్ళీ ప్రైమరు, మళ్ళీ నలుపు, మళ్ళీ రుద్దుడు. మొదటిరోజు వెర్లిన్ గంటసేపు రుద్ది, కాగితం, పెన్సిలు తీసి తప్పులు రాసుకోబోయాడు.

"ఎవరి తప్పులు రాస్తున్నారు?" అంది ట్వైలా. "రుద్దింది మీరేగా."

పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. అది మళ్ళీ బయటికి రావడం ఆ చలికాలంలో నేను చూడలేదు.

నిజం చెప్పాలంటే ఆ నెలల్లో ఆయన్ని చూస్తే కాస్త ముచ్చటేసేది. వేళ్ళు పగిలి బ్యాండేజీలు వేసుకునేవాడు. టోపీ, కనుబొమలు, చెవుల్లో వెంట్రుకలు, అన్నిట్లో బూడిదరంగు దుమ్ము. ట్వైలా ఆయన కళ్ళద్దాలు తీయించి, "కళ్ళతో కాదు, అరచేత్తో చూడండి" అని ఆయన చెయ్యి పట్టుకుని తలుపు పొడుగునా మెల్లిగా లాగింది. "తెలిసిందా? అక్కడ చిన్న అల." ఆయనకి తెలియలేదు. ఫిబ్రవరిలో ఒకరోజు నేను వెళ్ళేసరికి కళ్ళు మూసుకుని వెనక చక్రం పైరేకు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "ఆర్లో, ఇక్కడ ఏమీ లేదు," అన్నాడు. "ఏమీ లేదురా. నున్నగా ఉంది. ఇది నేను చేశాను." డెబ్బయ్యేళ్ళ మనిషి. ముప్ఫై నాలుగేళ్ళలో ఆ ఫ్యాక్టరీలో ఆ మాట అనుకునే అవకాశం ఆయనకి ఒక్కరోజూ రాలేదు మరి.

ఆ ముచ్చట నాకు ఎక్కువసేపు నిలవలేదు. రంగు కొట్టే వారం వచ్చింది.

ముదురాకుపచ్చ రంగు, దాని మీద మెరుపు పూత పడ్డాక ఆ కారు వానలో తడిసిన మొక్కజొన్న చేనులా ఉంది. లవాన్ చూసి, "పెళ్ళినాటి కన్నా బాగుంది" అంది. ఆ మాటతో వెర్లిన్ గుండె ఆగినంత పనైంది. ఫ్యాక్టరీ కన్నా బాగుంటే మార్కులు పోతాయి. పెద్ద కాగితం తెచ్చి ట్వైలా ముందు పరిచాడు. పాత ఫోటోలు చూసి గీసుకున్న పటం. అరవై తొమ్మిదిలో హడావిడిగా కొట్టినప్పుడు ఎక్కడెక్కడ రంగు కారిందో, ఎక్కడ తుంపర పడిందో, ఏ పనివాడు సుద్దముక్కతో ఎక్కడ టిక్కు పెట్టాడో, అన్నీ ఉన్నాయి అందులో.

"నలభయ్యేళ్ళుగా రంగు కారకుండా కొట్టడం నేర్చుకున్నాను," అంది ట్వైలా. "ఇప్పుడు కారేట్టు కొట్టమంటారా?"

"కుడితలుపు కింద అంచున. మూడు చుక్కలు. మధ్యది కాస్త పొడుగు."

"తాగి కొట్టాలా, తాగకుండానా?"

"శుక్రవారం మధ్యాహ్నం, ఇంటికెళ్ళే తొందరలో కొట్టినట్టు ఉండాలి."

ఆవిడ ముందు పనికిరాని రేకు మీద కొట్టి చూపించింది. వెర్లిన్ టార్చి వేసి చూసి పెదవి విరిచాడు. "కన్నీటిబొట్టులా ఉంది. ఫ్యాక్టరీవాడికి ఇంత కవిత్వం ఉండదు." రెండోది మరీ లావు. మూడోది గట్టిపడే లోపు జారిపోయింది. ట్వైలాకి పంతం వచ్చింది. రంగు పలచన చేసి, చిక్కన చేసి, రంగు చిమ్మే గన్ను దగ్గరగా పెట్టి, దూరంగా పెట్టి, మూడురోజులు తిండి మానేసి చుక్కలు కారించింది. చివరికి అసలు కారు తలుపు కింద మూడు చుక్కలు వేలాడాయి. మధ్యది కాస్త పొడుగు. సోమరి చేతిలోంచి, గడియారం వంక చూస్తూ జారిపడినట్టే ఉన్నాయి. వెర్లిన్ మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూసి, "ఇప్పుడు సరిగ్గా చెడింది" అన్నాడు.

లవాన్ మాట ప్రకారం ఏప్రిల్‌లో కారుని రాష్ట్ర పోలీసుల తనిఖీకి తీసుకెళ్ళారు. వాళ్ళు రసీదులు చూశారు, కొత్త నంబరు ఇచ్చారు, కాగితం ఇచ్చారు. కాగితం లవాన్ తన సంచిలో పెట్టుకుంది.

జూన్‌లో మా పోటీ, ధాన్యం గోదాముల వెనక మైదానంలో. తన కారుకి తనే మార్కులేస్తే బాగోదని వెర్లిన్ ఇండియానా నుంచి లైల్ బెన్నర్ అనే పేరుమోసిన న్యాయనిర్ణేతని పిలిపించాడు. నంబరు పలకలు చూసే పని మాత్రం ఎప్పటిలా తన దగ్గరే ఉంచుకున్నాడు. కమారోని 'అసలు సిసలు' వరుసలో మొదట నిలబెట్టి, అద్దం దగ్గర నంబరు ఉండేచోట తన టోపీ పెట్టాడు. దరఖాస్తులో "బాడీ అసలైనదా?" అన్నచోట "అసలైనది ఉంది" అని రాశాడు. పెరట్లో ఉంది కాబట్టి అబద్ధమనడానికి లేదు.

లైల్ బెన్నర్ చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళు ఆనందంతో కొట్టుకుంటున్నాయి.

"రండి! అందరూ వచ్చి చూడండి! తలుపు కింద ఈ చుక్కలు చూశారా? దీన్నంటారు పాతకాలం పని!"

జనం మూగారు. ట్వైలా కూడా వచ్చింది, చేతిలో సగం తిన్న పంది మాంసం శాండ్‌విచ్.

"ఈ చుక్క యాభయ్యేళ్ళ నాటిది," అన్నాడు లైల్ బయటికి వచ్చి, కళ్ళు చెమర్చి. "ఇప్పుడు ఇలాంటిది ఎవడూ కొట్టలేడు. ఆ చేతులే లేవు."

ట్వైలా నమలడం ఆపింది.

"ఎవడూ కొట్టలేడా?"

"అసాధ్యం అమ్మా."

"మధ్యలో పొడుగుది కూడానా?"

"అదైతే మరీను!"

ట్వైలా శాండ్‌విచ్ నా చేతిలో పెట్టింది. ఆ క్షణంలో వెర్లిన్ ఆవిడ వైపు చూసిన చూపు, కసాయి వైపు గొర్రె కూడా చూసి ఉండదు. ఇప్పటికీ ఆవిడ ఒట్టేసి చెబుతుంది, ఆయన పరువు తియ్యాలని రాలేదు, తినడానికి వచ్చిందని. కానీ తన పనిని ఎవడో పేరు తెలియని సోమరికి కట్టబెడుతుంటే ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"ఆ చుక్క నాది," అంది. "మూడు నెలల వయసు. దానికోసం మూడురోజులు అన్నం మానేశాను."

లైల్ నవ్వాడు. వెర్లిన్ ఇంకా గట్టిగా నవ్వాడు. "ట్వైలాకి ఎండ తగిలినట్టుంది. ఎవరైనా నీళ్ళివ్వండర్రా."

మడతకుర్చీలో కూర్చున్న లవాన్ అల్లిక మీంచి తల ఎత్తకుండానే అంది: "ఎండ కాదు వెర్లిన్. కాగితం నా సంచిలో ఉంది, కావాలంటే ఇస్తాను."

లైల్ కాగితం చదివాడు. టోపీ ఎత్తి నంబరు చూశాడు. మళ్ళీ కాగితం చదివాడు. "తయారైన సంవత్సరం రెండువేల పద్దెనిమిది. సొంతంగా కూర్చినది."

"ఇంజను పాతదే!" అన్నాడు వెర్లిన్. "గేర్లు పాతవే! స్టీరింగు పాతదే! ప్రాణం అదే, ఒళ్ళొక్కటే మారింది!" అలా పరకాయ ప్రవేశం గురించి నాలుగు నిమిషాలు మాట్లాడాడు. వెనకనుంచి డ్వెయిన్ కోబెల్ గొంతు వినిపించింది:

"మరి నా పట్టీ స్క్రూ సంగతి?"

ఇక నవ్వులు ఆగలేదు. పాస్టరు కూడా నవ్వాడు, దేవుడు క్షమించుగాక.

నిబంధనల ప్రకారం ఆ కారు మార్పులు చేసిన బండ్ల వరుసలోకి పోవాలి. అది మైదానం చివర, ప్లాస్టిక్ మరుగుదొడ్ల పక్కన. కార్యదర్శిని కాబట్టి జెండా పట్టుకుని ముందు నడిచే పని నాకు పడింది. వెనకాల వెర్లిన్ మొదటి గేరులో తోలుకుంటూ వచ్చాడు. ఇంజను గురగుర భలేగా ఉంది. పాతికేళ్ళలో ఆ కారు కదలడం ఊరు చూడటం అదే మొదలు. చప్పట్లు కొట్టారు. సగం ఎగతాళికే. మిగతా సగం మాత్రం నిజంగా కారుకే కొట్టారని నేను ఆయనకి తర్వాత చాలాసార్లు చెప్పాను.

ఆ వరుసలో అయిదు బండ్లకి నాలుగోవాడుగా వచ్చాడు. అయిదోది స్టార్టు కాలేదు. డ్వెయిన్ మంటలబొమ్మలు వేసిన తన రెండో కారు పక్కన నీడలో ఒక కుర్చీ వేసి, "కూర్చో వెర్లిన్, ఇక్కడ ఎవడూ ఏమీ కొలవడు" అన్నాడు. వెర్లిన్ కూర్చున్నాడు. హాట్‌డాగ్ ఇస్తే తిన్నాడు కూడా. మధ్యలో ఒకసారి డ్వెయిన్ కారు తలుపు సందు వైపు చెయ్యి పోయింది గానీ, వెనక్కి లాక్కున్నాడు.

ఆ వారంలోనే ట్వైలాకి ముగ్గురు ఫోన్ చేశారట, తమ కార్లకి కూడా చుక్కలు కావాలని, ఎవరికీ చెప్పొద్దని. ముగ్గురూ నకలు నట్టు చూసినా నీతులు చెప్పేవాళ్ళే. ఒకడి ఫోన్ ఇండియానా నుంచి వచ్చింది. మధ్య చుక్కకి ఆవిడ ఇప్పుడు విడిగా ధర చెబుతోంది.

వెర్లిన్ నెలరోజులు కాఫీకి రాలేదు. న్యాయనిర్ణేత పనికి రాజీనామా ఉత్తరం పంపాడు. రెండు వ్యాకరణ దోషాలు ఉన్నాయి, ఎవరం కొయ్యలేదు. జూలై చివర్లో ఒక మధ్యాహ్నం కమారో వచ్చి కాఫీ హోటల్ ముందు ఆగింది. లవాన్ తోలుతోంది. వర్షం పడుతున్నా తెచ్చారు. ఆయన దిగి వచ్చి నా ఎదురుగా కూర్చుని, పంచదార కలుపుకుని, కిటికీలోంచి బయట ఆగిన ఒక పెద్దాయన అరవై ఏడో ఏటి మస్టాంగ్ కారు వైపు చూశాడు. ఆ కారు ఒళ్ళు మారనిది, ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్నది.

"పాపం," అన్నాడు. "లోపల ఎంత పుట్టీ ఉందో. నకలు ఉక్కు ముందు ఇది ఏపాటి? ఆర్లో, ఈ పాత బాడీలవాళ్ళని చూస్తే జాలేస్తుందిరా. కళ్ళు తెరవరు."

పక్క బల్ల దగ్గరివాళ్ళు బిల్లు అడిగారు. వెర్లిన్ జేబులోంచి రేకుల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. నేను కూడా లేద్దామనుకున్నాను గానీ, నేను అడిగిన చెర్రీ పై ముక్క ఇంకా రాలేదు.